ఇంజను అదుపు తప్పి పరుగెడితే: కార్బొరేటర్ విప్పే ముందు చూడాల్సినవి

ఉద్దానం కొబ్బరి తోటల్లో దుక్కి చేసే పవర్ వీడర్, నాగావళి గట్టున నీళ్లు తోడే పెట్రోలు పంపు, తుఫాను రోజుల్లో బయటికి తీసే చిన్న జనరేటరు, పెద్ద కాలేజీల మైదానాల్లో అక్కడక్కడా కనిపించే రైడింగ్ మోవర్ (కూర్చుని నడిపే గడ్డికోత యంత్రం). పైకి ఇవన్నీ వేర్వేరు యంత్రాలు. లోపల ఉన్నది మాత్రం దాదాపు ఒకే జాతి ఇంజను. గాలితో చల్లబడే నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజను అది. చాలావాటికి ఒకే సిలిండరు, పెద్ద మోవర్లలో కొన్నిటికి రెండు. అందుకే జబ్బులూ ఒకే తీరుగా వస్తాయి. వాటిలో జనాన్ని బాగా భయపెట్టేది ఒకటుంది. తాడు లాగి స్టార్టు చేయగానే ఇంజను రయ్యిమని ఎగిసి, ఎక్సలేటర్ తగ్గించినా దిగదు.

అప్పుడు ఎక్కువ మంది చేయి పోయేది కార్బొరేటర్ మీదికే. అది కంటికి ఎదురుగా ఉంటుంది, రెండు నట్లు తీస్తే చేతిలోకి వస్తుంది, కొత్తది కావాలంటే శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో విడిభాగాల దుకాణంలో దొరుకుతుంది. కొత్తది బిగించాక కూడా ఇంజను అలాగే అరుస్తుంటే, ‘మిషన్ నాసిరకం’ అన్న తీర్పు వచ్చేస్తుంది. నిజానికి కార్బొరేటర్ ఆ వేగాన్ని నిర్ణయించదు. అందులోని బటర్‌ఫ్లై (గాలి దారిలో తిరిగే పలచటి రేకు మూత) ఎంత తెరుచుకుంటే అంత గాలి, దానికి తగ్గ పెట్రోలు లోపలికి వెళ్తాయి. ఆ బటర్‌ఫ్లై ఎంత తెరుచుకోవాలో చెప్పేది గవర్నర్. కాబట్టి వేగం అదుపు తప్పిందంటే ముందు చూడాల్సింది గవర్నర్, దానికి కట్టిన స్ప్రింగు, కడ్డీలు. కార్బొరేటర్ వంతు ఆ తర్వాతే. ఈ వరస పాటిస్తే చాలా సందర్భాల్లో కార్బొరేటర్ విప్పే పనే పడదు.

గవర్నర్ చేసే పని

క్రాంక్ కేసులో (ఇంజను అడుగున నూనె ఉండే పెట్టెలో), నూనెలో మునిగి తిరిగే ఒక చిన్న పళ్ల చక్రం ఉంటుంది. చాలా ఇంజన్లలో అది ప్లాస్టిక్‌ది. దాని మీద రెండు మూడు చిన్న ఇనుప బరువులు పిన్నులకు వేలాడుతుంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ ఈ బరువులు బయటికి విచ్చుకుని మధ్యలోని గొట్టం లాంటి ముక్కను ముందుకు నెడతాయి. ఆ ముక్క క్రాంక్ కేసు గోడలోంచి బయటికి వచ్చే సన్నటి షాఫ్టును తిప్పుతుంది. బయట ఆ షాఫ్టుకు ఒక రేకు ఆర్మ్ బిగించి ఉంటుంది. ఆర్మ్ నుంచి కార్బొరేటర్ బటర్‌ఫ్లైకి సన్నని కడ్డీ, ఆర్మ్ నుంచే ఎక్సలేటర్ లివరు వైపు గవర్నర్ స్ప్రింగు. స్ప్రింగు బటర్‌ఫ్లైని తెరవడానికి లాగుతుంది, లోపలి బరువులు మూయడానికి నెడతాయి. తాడులాగుడు ఆటలా ఇద్దరి బలమూ సమానమైన చోట బటర్‌ఫ్లై ఆగుతుంది. ఎక్సలేటర్ లివరు నేరుగా బటర్‌ఫ్లైని కదపదు. అది స్ప్రింగు బిగువును మాత్రమే మారుస్తుంది. మోటారు సైకిల్ ఎక్సలేటర్‌కూ దీనికీ ఉన్న తేడా ఇదే. బైకులు బాగుచేసే అనుభవంతో ఈ ఇంజను ముట్టుకున్నప్పుడు తప్పటడుగు పడేదీ ఇక్కడే.

దీన్నుంచి ఒక పరీక్ష పుడుతుంది, దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు లోపలి బరువులు నెట్టవు, స్ప్రింగు ఒక్కటే లాగుతుంది. కాబట్టి ఎక్సలేటర్‌ను పూర్తి వేగంలో పెడితే, ఆగి ఉన్న ఇంజనులో బటర్‌ఫ్లై పూర్తిగా తెరుచుకుని ఉండాలి. స్టార్టయిన మరుక్షణం అది చాలావరకు మూసుకుపోవాలి. ఆగి ఉన్నప్పుడు తెరుచుకుని ఉండటం చూసి ‘ఇదే లోపం’ అనుకుని స్ప్రింగు తీసేసేవాళ్లున్నారు. అది లోపం కాదు, ఉండాల్సిన పద్ధతే. స్టార్టయ్యాక కూడా మూసుకోకపోతేనే లోపం.

ఇంకో అపోహ కూడా గట్టిగా పాతుకుపోయింది. గవర్నర్ ఇంజను బలాన్ని తొక్కిపెడుతుందని, దాన్ని తప్పించి బటర్‌ఫ్లైకి నేరుగా బైండింగ్ వైరు కడితే వీడర్ బాగా లాగుతుందని నమ్ముతారు. పని బరువు (లోడు) పడి వేగం కాస్త తగ్గగానే గవర్నర్ తనంతట తానే బటర్‌ఫ్లైని పూర్తిగా తెరుస్తుంది. గట్టి ఎర్రనేలలో పళ్లు దిగి ఇంజను మూలుగుతున్నప్పుడు అది అప్పటికే పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. వైరు కట్టినందువల్ల అక్కడ అదనంగా వచ్చే బలం ఏమీ లేదు. చాలు చివర వీడర్‌ను ఎత్తి తిప్పేటప్పుడు, బరువు లేని ఆ నాలుగు క్షణాల్లో ఇంజను ఎగిసిపోవడమొక్కటే దక్కుతుంది.

ఎంత వేగమైతే ఎక్కువ?

చెవిని నమ్మి తేల్చే విషయం కాదిది. సైలెన్సరు పగిలినా, గాలి ఫిల్టర్ మూత లేకపోయినా మామూలు వేగమే గోలగా వినిపిస్తుంది. ఈ తరగతి ఇంజన్లకు పని బరువు మీద 3600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) సాధారణ గరిష్ఠం. ఖాళీగా తిరిగేటప్పుడు యంత్రాన్ని బట్టి అంతకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. రైడింగ్ మోవర్లకు ఖాళీ వేగం సాధారణంగా 3300 నుంచి 3600 మధ్య పెడతారు. 50 హెర్ట్జ్ జనరేటరు 3000 దగ్గర నడవాలి. ఐడిల్ (ఎక్సలేటర్ పూర్తిగా తగ్గించినప్పటి వేగం) చిన్న సింగిల్ సిలిండర్ ఇంజన్లలో సుమారు 1400, మోవర్లలో చాలావాటికి 1750 దరిదాపు. ఖచ్చితమైన అంకె ఆ యంత్రం పుస్తకంలోనే చూడాలి. ఒకే ఇంజనును పంపుకు ఒకలా, మోవర్‌కు ఒకలా సెట్ చేసి పంపుతారు.

కొలవడానికి ప్లగ్ వైరుకు చుట్టే చిన్న టాకోమీటరు చాలు, అది ఖరీదైనదేమీ కాదు. దాన్ని వాడేటప్పుడు ఒక మెలిక ఉంది. ఈ ఇంజన్లలో మాగ్నెటో (నిప్పురవ్వకు కరెంటు పుట్టించే భాగం) ఫ్లైవీల్ మీదే ఉంటుంది కనుక, నాలుగు స్ట్రోకులదైనా ప్రతి చుట్టుకూ ఒకసారి నిప్పురవ్వ వస్తుంది. అందులో సగం వృథా. మీటరును ‘చుట్టుకు ఒక స్పార్కు’ అన్న సెట్టింగులో పెట్టాలి. ‘రెండు చుట్లకు ఒకటి’ అని పెడితే 3400 తిరుగుతున్న ఇంజను 6800 చూపిస్తుంది. బాగున్న గవర్నర్‌ను విప్పించేసే తప్పుడు అంకె అది. ఫ్లైవీల్‌కు మెరిసే టేపు అంటించి లేజర్ టాకోమీటరుతో కొలిస్తే ఈ గొడవ ఉండదు. జనరేటరైతే మల్టీమీటరులో హెర్ట్జ్ చూసి 60తో గుణిస్తే చాలు.

వేగం ఎక్కువైతే ఏం పోతుంది అన్నదానికి లెక్క సూటిగా ఉంటుంది. పిస్టన్, కనెక్టింగ్ రాడ్ల మీద పడే జడత్వ బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 3600 నుంచి 4500కు వెళ్తే వేగం పెరిగింది నాలుగో వంతే గానీ, రాడ్‌ను తెంపే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఈ ఇంజన్లలో రాడ్ చాలావరకు అల్యూమినియంది, బేరింగ్ లేకుండా నేరుగా క్రాంక్ మీద తిరుగుతుంది. అది తెగితే క్రాంక్ కేసుకు కన్నం పడుతుంది, ఇంజను పాత ఇనుముకే పనికొస్తుంది. అంతదాకా రాకముందే వాల్వ్ స్ప్రింగు ఆ వేగాన్ని అందుకోలేక పుష్ రాడ్ జారిపోవచ్చు. మోవర్‌లో ప్రమాదం ఇంజనుతో ఆగదు. బ్లేడు కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదని అమెరికా ప్రమాణం ఉంది. 3600 దగ్గర 18,000 అడుగుల వేగంతో తిరిగే బ్లేడు, ఇంజను 4300కు ఎగిస్తే 21,500కు చేరుతుంది. అప్పుడు బ్లేడుకు తగిలిన గులకరాయి ఎంత దూరం పోతుందో, ఎవరికి తగులుతుందో చెప్పలేం.

ముందు ఆపాలి

స్విచ్చు ఆఫ్ చేయడమే మొదటి పని. వీడర్‌లో క్లచ్ వదలడం, స్విచ్చు కొట్టడం ఒకే క్షణంలో జరగాలి. క్లచ్ వదిలి, ఆగి, ఏమైందా అని చూస్తూ నిలబడితే బరువు తీసేసిన ఇంజను ఇంకా ఎగిసిపోతుంది. మోవర్‌లోనూ ముందు బ్లేడు లివరు తీయడం కాదు, తాళం తిప్పాలి. స్విచ్చు వైరు తెగి ఇంజను ఆగకపోతే చోక్ (కార్బొరేటర్‌కు గాలి వచ్చే దారిని మూసే మీట) పూర్తిగా మూయండి. గాలి అందక, పెట్రోలు ముంచెత్తి ఆగిపోతుంది. పెట్రోలు కాక్ కట్టినా ఆగుతుంది గానీ, కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు అయ్యేదాకా నడుస్తూనే ఉంటుంది. వట్టి చేత్తో ప్లగ్ క్యాప్ పీకబోతే గట్టి షాక్ కొడుతుంది. చల్లారాక, పని మొదలుపెట్టే ముందు ప్లగ్ క్యాప్ తీసి పక్కన పెట్టాలి. తాడు లాగి చూసేటప్పుడు ఇంజను అనుకోకుండా అందుకోకుండా ఉండటానికి ఇది తప్పనిసరి.

ఆగిన ఇంజను మీద చూడాల్సినవి

గాలి ఫిల్టర్ డబ్బా, అవసరమైతే పెట్రోలు ట్యాంకు తీస్తే కడ్డీలన్నీ కనబడతాయి. తాకకముందే ఫోన్‌తో రెండు వైపుల నుంచి ఫోటో తీసి పెట్టుకోవడం మంచిది. ఏ స్ప్రింగు ఏ కన్నంలో ఉందో గంట తర్వాత గుర్తుండదు.

మొదట ఎక్సలేటర్ పూర్తిగా తెరిచి, గవర్నర్ ఆర్మ్‌ను వేలితో మూసే వైపు నెట్టాలి. బటర్‌ఫ్లై మెత్తగా మూసుకుని, వేలు తీయగానే స్ప్రింగు లాగి మళ్లీ తెరవాలి. మధ్యలో పట్టేస్తే దొంగ దొరికినట్టే. కళింగపట్నం, బారువ, భావనపాడు లాంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలికి సన్నకడ్డీలు, స్ప్రింగు కొసలు తుప్పు పట్టి కన్నంలో బిగుసుకుపోవడం మామూలు. బటర్‌ఫ్లై షాఫ్టు చుట్టూ ఇసుక, నూనె కలిసి జిగురుగా గడ్డకట్టడం ఉద్దానం ఇసుకనేలల్లో ఎక్కువ. కార్బొరేటర్ క్లీనర్ చల్లి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, ఆరాక చుక్క పల్చటి నూనె వేస్తే సరిపోతుంది. గ్రీజు పెట్టకూడదు. అది దుమ్మును పట్టి నెల తిరక్కుండా మళ్లీ గడ్డకడుతుంది.

పంట పని అయ్యాక నెలల తరబడి పశువుల పాకలోనో కళ్లం పక్కనో పడుండే యంత్రాల్లో ఎలుకల సంగతి మరవకూడదు. ఫ్యాన్ మూత కింద, ట్యాంకు అడుగున ఎండుగడ్డి పేర్చి గూడు కడతాయి. ఒక్క గడ్డిపరక ఆర్మ్‌కూ ఇంజనుకూ మధ్య ఇరుక్కుంటే చాలు, బటర్‌ఫ్లై మూసుకోదు. రైడింగ్ మోవర్‌లో కోసిన గడ్డి పొడే ఆ పని చేస్తుంది. ఆ గడ్డి ఇంజను రెక్కల మధ్య కూడా నిండి వేడెక్కిస్తుంది కనుక ఎలాగూ శుభ్రం చేయాల్సిందే.

తర్వాత కడ్డీ. ఆర్మ్ నుంచి బటర్‌ఫ్లైకి వెళ్లే కడ్డీ ఊడితే బటర్‌ఫ్లైకి గవర్నర్ మాట వినిపించదు. కొత్త కార్బొరేటర్ బిగించాక మొదలైన అతివేగానికి తరచుగా ఇదే కారణం. చౌకగా దొరికే కార్బొరేటర్ల లివరుకు రెండు మూడు కన్నాలుంటాయి. తప్పు కన్నంలో కడ్డీ పెడితే బటర్‌ఫ్లై పూర్తిగా మూసుకోవడానికి దారి ఉండదు. కడ్డీ వెంటే, దాని మీదుగా సన్నటి జుట్టు లాంటి ఇంకో స్ప్రింగు ఉంటుంది. కడ్డీ కన్నాల్లో ఉన్న లూజును తీసేయడమే దాని పని. విప్పేటప్పుడు అది ఎగిరి ఇసుకలో పడి పోతుంది, ఎవరూ వెతకరు. అది లేకపోతే ఇంజను అతివేగంగా పోదు గానీ ‘ఊం... ఊం...’ అని పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

ఎక్సలేటర్ వైరు క్లాంపు కూడా ఇక్కడే చూడాలి. లివరు తాబేలు బొమ్మ (తక్కువ వేగం గుర్తు) దగ్గరికి తెచ్చినా ఇంజను దగ్గరి పలక వెనక్కి రాకపోతే, క్లాంపు జారి వైరు బిగుసుకుపోయినట్టు. క్లాంపు స్క్రూ వదులు చేసి, లివరును పూర్తి వేగంలో, ఇంజను పలకను దాని గరిష్ఠ స్టాపుకు ఆనించి, అప్పుడు బిగించాలి.

స్ప్రింగు మార్చారా అన్నది తప్పక అడగాల్సిన ప్రశ్న. గవర్నర్ స్ప్రింగు పోయిందని సైకిల్ స్టాండు స్ప్రింగో, పాత స్టవ్ స్ప్రింగో పెట్టిన ఇంజన్లు కనబడుతూనే ఉంటాయి. గట్టి స్ప్రింగును లోపలి బరువులు గెలవలేవు. సాగిన స్ప్రింగు రెండు చుట్లు కోసి కొక్కెం వంచినా అదే ఫలితం, ఎందుకంటే చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. ఇంజను మోడల్ నంబరు చెప్పి దానికి తగ్గ స్ప్రింగే కొనాలి. ఖర్చు కొద్దిదే.

ఆర్మ్ సెట్టింగు

పైవన్నీ సరిగా ఉండి కూడా వేగం తగ్గకపోతే, గవర్నర్ షాఫ్టు మీద ఆర్మ్ జారి ఉండవచ్చు. ఇంజను విప్పి బిగించిన తర్వాత ఎక్కువగా వచ్చే తప్పు ఇది. సరిచేయడానికి చాలా ఇంజన్లకు 10 మి.మీ. పానా, ఒక ప్లయర్ చాలు.

ఆర్మ్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే క్లాంపు నట్టును వదులు చేయాలి, తీసేయనక్కర్లేదు. ఎక్సలేటర్ లివరును పూర్తి వేగంలో పెట్టి, బటర్‌ఫ్లై పూర్తిగా తెరుచుకునేదాకా ఆర్మ్‌ను కదిపి అక్కడే వేలితో పట్టుకోవాలి. ఇప్పుడు ప్లయర్‌తో షాఫ్టు కొసను తిప్పాలి. ఎటు? బటర్‌ఫ్లై తెరవడానికి ఆర్మ్ ఎటు కదిలిందో షాఫ్టునూ అటే, ఇక కదలదనే చోటుదాకా. బలం వాడకూడదు. లోపల తగిలేది ప్లాస్టిక్ ముక్క. అక్కడ పట్టి ఉంచి నట్టు బిగించాలి. కొన్ని ఇంజన్ల షాఫ్టుకు అడ్డంగా కన్నం ఉంటుంది, అందులో మేకు దూర్చి తిప్పుకోవచ్చు.

దీని వెనక లెక్క ఏమిటంటే, బటర్‌ఫ్లై పూర్తిగా తెరిచిన స్థితి, బరువులు పూర్తిగా ముడుచుకున్న స్థితి ఒకదానికొకటి సరిపోవాలి. మధ్యలో ఖాళీ ఉంటే బరువులు విచ్చుకున్నా మొదట ఆ ఖాళీనే పూరిస్తాయి, ఈలోగా ఇంజను ఎగిసిపోతుంది. షాఫ్టును వ్యతిరేక దిశలో తిప్పి బిగిస్తే మరీ ప్రమాదం, గవర్నర్‌కు పని చేసే చోటే మిగలదు. అందుకే ఈ సెట్టింగు తర్వాత మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు ఎక్సలేటర్ తక్కువలో, ఒక చేయి స్విచ్చు మీద ఉండాలి.

లోపలి గవర్నర్ పోయిందా?

క్రాంక్ కేసు విప్పడమంటే గాస్కెట్ ఖర్చు, పూట పని. కనుక ముందు బయటి నుంచే తేల్చుకోవాలి. ఆర్మ్ నట్టు వదులు చేసినప్పుడు షాఫ్టును అటూ ఇటూ తిప్పి చూడండి. కొంత మేరకే కదిలి రెండు వైపులా ఆగాలి. గుండ్రంగా ఎంతైనా తిరిగిపోతుంటే షాఫ్టు లోపలి కొసన ఉండే కాలు ఊడినట్టు లేదా విరిగినట్టు. రెండో పరీక్ష ఇంజను నడుస్తుండగా. గవర్నర్ ఆర్మ్ పై కొసను వేలితో పట్టుకుని, ఐడిల్ నుంచి కొంచెం కొంచెంగా తెరవాలి. వేగం పెరిగేకొద్దీ ఆర్మ్ వేలిని వెనక్కి నెట్టాలి. నెట్టుడు తెలియకపోతే లోపల బరువులు పని చేయడం లేదు. 2500 దాటించకుండానే ఇది తెలిసిపోతుంది, అంతకు మించి పెంచనక్కర్లేదు. వేళ్లు ఫ్యానుకూ సైలెన్సరుకూ దూరంగా ఉండాలి.

లోపల పోవడానికి ప్రధాన కారణం నూనె. ఈ చిన్న ఇంజన్లు పట్టేది సుమారు 600 మి.లీ. మాత్రమే, అందులో 200 తగ్గితే మూడో వంతు పోయినట్టే. వేడికి ప్లాస్టిక్ పళ్లు అరుగుతాయి, పిన్నులు లూజవుతాయి, బరువు ఊడి అడుగున పడుతుంది. ఎవరో ఓవర్‌హాల్ చేసినప్పుడు బరువులు నెట్టే ఆ గొట్టం లాంటి ముక్క కింది వాషరో క్లిప్పో వేయడం మరచినా ఇదే లక్షణం కనబడుతుంది. విప్పక తప్పదంటే నూనెను తెల్లటి గుడ్డలోంచి వంచి చూడాలి. ప్లాస్టిక్ తునకలు కనబడితే గవర్నర్, వెండిపొడిలా అల్యూమినియం మెరుపు కనబడితే రాడ్ కూడా దెబ్బతిన్నట్టు. అతివేగంతో నడిచిన ఇంజనుకు వాల్వ్ ఖాళీ కూడా కొలవాలి. హోండా జీఎక్స్ 160 తరహాకు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.15 మి.మీ., ఎగ్జాస్ట్ 0.20 మి.మీ.

పెరుగుతూ తగ్గుతూ ఉంటే వేరే జబ్బు

అసలు ఫిర్యాదు మూడు రకాలు. గరిష్ఠ వేగం హద్దు దాటితే గవర్నర్. ఐడిల్ మాత్రమే ఎక్కువై పై వేగం సరిగ్గా ఉంటే ఐడిల్ స్క్రూ, లేదా బటర్‌ఫ్లై సరిగా కూర్చోకపోవడం. వేగం ఒక లయలో పెరుగుతూ తగ్గుతూ ఉంటే, అదిగో, అప్పుడు వస్తుంది కార్బొరేటర్ వంతు. పెట్రోలు చాలక ఇంజను నీరసిస్తుంది, గవర్నర్ తెరుస్తుంది, ఎగిస్తుంది, గవర్నర్ మూస్తుంది, మళ్లీ నీరసిస్తుంది. ఇక్కడ గవర్నర్ తన పని తాను చేస్తూనే ఉంది.

నిర్ధారణకు చోక్‌ను సగం మూసి చూడాలి. లయ ఆగి ఇంజను నిలకడగా నడిస్తే మిశ్రమంలో పెట్రోలు తక్కువని రుజువు. కార్బొరేటర్‌లో పెట్రోలు సన్నగా వచ్చే పైలట్ జెట్టులోని కన్నం మూసుకుపోయి ఉంటుంది. ఎథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు 2023లో కొన్ని బంకుల్లో మొదలై 2025 నాటికి దేశమంతా వచ్చేసింది. ఎథనాల్ గాలిలోని తేమను లాగుతుంది. మన తీరప్రాంతపు ఉక్కలో నెలల పాటు ట్యాంకులో నిల్వ ఉంటే నీరు చేరి గిన్నె అడుగున తెల్లటి బూజు లాంటి పొడి పేరుకుంటుంది. ఎక్కువ రోజులు వాడని యంత్రానికి కాక్ కట్టి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపి, గిన్నె బోల్టు విప్పి మిగిలింది వంచేయడమే మందు. మూసుకుపోయిన జెట్టును స్ప్రే క్లీనరుతో, గాలితో శుభ్రం చేయాలి. గుండుసూది దూరిస్తే కన్నం పెద్దదై కొత్త జబ్బు మొదలవుతుంది.

జెట్టు శుభ్రంగా ఉంటే కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉన్న నల్లటి ఇన్సులేటర్ గాస్కెట్లను అనుమానించాలి. నడుస్తుండగా అక్కడ సబ్బునీళ్లు బ్రష్‌తో రాస్తే, గాలి పీలుస్తున్న చోట ఇంజను శబ్దం మారుతుంది. కొందరు అక్కడ పెట్రోలు చల్లుతారు. వేడి సైలెన్సరు జానెడు దూరంలోనే ఉంటుందన్న సంగతి వాళ్లకు గుర్తుండదేమో.

ఆర్మ్ మీద స్ప్రింగుకు వరసగా కన్నాలున్న ఇంజన్లలో ఇంకో కారణం ఉంటుంది. షాఫ్టుకు దగ్గరి కన్నంలో పెడితే గవర్నర్ చురుగ్గా స్పందిస్తుంది, మరీ చురుకైతే లయ మొదలవుతుంది. దూరపు కన్నంలో పెడితే నిలకడ వస్తుంది గానీ బరువు పడ్డప్పుడు వేగం ఎక్కువగా పడిపోతుంది. కన్నం మార్చిన ప్రతిసారీ గరిష్ఠ వేగం కూడా మారుతుంది కనుక మళ్లీ కొలవాలి.

గరిష్ఠ వేగం సెట్ చేయడం

ఇది ఆఖరి పని, కడ్డీలు, ఆర్మ్ సరిగా ఉన్నాయని తేలాకే చేయాలి. లోపం అలాగే ఉంచి స్క్రూ తిప్పి వేగం తగ్గిస్తే, ఖాళీగా ఉన్నప్పుడు బాగానే కనబడి బరువు పడగానే ఇంజను చతికిలబడుతుంది. ఇంజను ఐదు నిమిషాలు వేడెక్కాక, గాలి ఫిల్టర్ బిగించి, ఎక్సలేటర్ పూర్తిగా తెరిచి, కంట్రోల్ పలక మీది స్టాప్ స్క్రూను తిప్పుతూ టాకోమీటరు చూడాలి. కొన్ని మోవర్ ఇంజన్లలో స్క్రూ ఉండదు, స్ప్రింగు కట్టిన రేకు నాలుకను కొద్దిగా వంచాలి. బ్లేడు, వీడర్ పళ్లు తిరగని స్థితిలోనే ఇదంతా.

జనరేటరుకు మాత్రం ఇంకాస్త నిక్కచ్చిగా ఉండాలి. ఖాళీగా 51 నుంచి 52 హెర్ట్జ్, బరువు పడ్డాక 50 దరిదాపు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుఫాన్లప్పుడు మూలన పడున్న జనరేటర్లన్నీ ఒక్కసారిగా బయటికి వస్తాయి. గవర్నర్ కడ్డీ తుప్పు పట్టినది 3600కు ఎగిస్తే 60 హెర్ట్జ్ అవుతుంది. ఏవీఆర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం) లేని కెపాసిటర్ రకమైతే వోల్టేజీ కూడా దాంతో పాటే ఎగిసి ఫ్రిజ్, సెట్‌టాప్ బాక్సు, ఫోన్ చార్జర్లు కాలిపోతాయి. మొదట ఒక మామూలు బల్బు మాత్రమే పెట్టి, మీటరు చూసి, తర్వాతే ఇంటి వైరు తగిలించాలి.

గవర్నర్ లేనివి, డీజిలువి

భుజానికి తగిలించుకునే రెండు స్ట్రోకుల బ్రష్ కట్టర్లలో సాధారణంగా ఇలాంటి గవర్నర్ ఉండదు, ఎక్సలేటర్ నేరుగా బటర్‌ఫ్లైకే. అది మామూలు కంటే ఎక్కువగా కీచుమంటుంటే గాలి లీకు గానీ, పెట్రోలు తక్కువైన మిశ్రమం గానీ కారణం. రెండు స్ట్రోకుల ఇంజనుకు నూనె అందేది పెట్రోలుతోనే కనుక, అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. క్రాంక్ సీలు, కార్బొరేటర్ గాస్కెట్ వెంటనే చూడాలి.

పవర్ టిల్లర్ల డీజిలు ఇంజను సంగతి పూర్తిగా వేరు, ప్రమాదమూ ఎక్కువ. అక్కడ గవర్నర్ ఆపేది గాలిని కాదు, పంపు ఇచ్చే డీజిలును. పంపు ర్యాక్ (డీజిలు మోతాదు మార్చే కడ్డీ) పట్టేస్తే డీజిలు ఆపి ఇంజనును ఆపవచ్చు. ఇంజను తన నూనెను తానే తాగడం మొదలుపెడితే మాత్రం డీజిలు కాక్ కట్టినా ఆగదు. క్రాంక్ కేసులో నూనె గీత దాటి పోయడం ఒక కారణం. నూనెతో పనిచేసే గాలి ఫిల్టర్ గిన్నెలో గుర్తు దాటి నింపడం ఇంకోటి, ఆ నూనెను ఇంజను పీల్చేసి ఇంధనంలా మండిస్తుంది. అప్పుడున్న దారి గాలిని మూయడమే. ఫిల్టర్ నోటికి బల్లపరుపు చెక్కముక్కను అదిమిపెట్టాలి. గోనె, తువ్వాలు, అరచేయి పెట్టకూడదు, ఆ పీల్పుకు లోపలికి పోతాయి. డీకంప్రెషన్ లివరు (సిలిండరులోని ఒత్తిడిని వదిలేసే మీట) ఉన్న ఇంజనైతే దాన్ని ఎత్తి పట్టుకున్నా ఆగుతుంది. చెక్క అందుబాటులో లేక, లివరూ లేకపోతే చేసేదేమీ లేదు. చుట్టూ ఉన్నవాళ్లను ఫ్లైవీల్‌కు అడ్డంగా లేని దిక్కుకు దూరంగా పంపించి, తామూ తప్పుకోవాలి.